ఇంట్లోనే టీవీ సర్వర్ – 4వ పాఠం: మేడ మీది టీవీ, కింద ల్యాప్‌టాప్‌లో

పోయిన పాఠంలో డాబా మీది ఫ్రీ డిష్ గొడుగు నుంచి వచ్చే కేబుల్‌ను మేడ మీది సర్వర్ కంప్యూటర్‌లోని ట్యూనర్ కార్డుకు (టీవీ సిగ్నల్‌ను పట్టుకునే కార్డు) కలిపి, టీవీహెడ్‌ఎండ్ అనే టీవీ సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో ఛానళ్లు వెతికించాం. మీ జాబితాలో దూరదర్శన్ సప్తగిరి కనిపించి, ఒక్క రికార్డింగైనా సరిగ్గా వచ్చి ఉంటేనే ముందుకు రండి. గొడుగు దగ్గరి తప్పును ల్యాప్‌టాప్ దగ్గర దిద్దలేం.

ముందు రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి సర్వర్‌కు మారని ఐపీ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇవ్వండి. 192.168.1.50 అనుకుందాం. నేను మొదట్లో ఈ పని చేయలేదు. మా గుంటూరు బ్రాడీపేటలో ఎండాకాలం కరెంటు పోయి వచ్చాక అడ్రస్ మారిపోయేది, మళ్లీ మేడెక్కి వెతుక్కునేవాణ్ణి. తర్వాత టీవీహెడ్‌ఎండ్‌లో మీ యూజర్ పేరుకు స్ట్రీమింగ్ అనుమతి టిక్ చేయండి.

ఇక ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ వీడియో ప్లేయర్ తెరిచి, మీడియా మెనూలో ‘ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్’ నొక్కండి. అడ్రస్ ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి: హెచ్‌టీటీపీ, కోలన్, రెండు స్లాష్‌లు, సర్వర్ ఐపీ, మళ్లీ కోలన్, 9981, స్లాష్, చివర ప్లేలిస్ట్. పేరు, పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. ఛానళ్లన్నీ వరుసగా వచ్చేస్తాయి.

“ఇట్లా చూస్తే నెట్ అయిపోదంట్రా?” అని మా అమ్మ అడిగింది. అయిపోదు. బొమ్మ మేడ మీది నుంచి రౌటర్‌కు, అక్కణ్ణించి ల్యాప్‌టాప్‌కు వస్తుంది, ఇల్లు దాటదు. నెట్ కనెక్షన్ తీసేసినా టీవీ ఆడుతుంది.

బొమ్మ ఆగి ఆగి వస్తుంటే వెంటనే సర్వర్‌ను తిట్టకండి. ల్యాప్‌టాప్‌ను ఒకసారి వైరుతో రౌటర్‌కు కలిపి చూడండి. అప్పుడు బాగుంటే లోపం వైఫైది, శ్లాబు దాటేసరికి సిగ్నల్ నీరసపడుతోందన్నమాట. అదే స్ట్రీమ్ కిటికీలో ‘షో మోర్ ఆప్షన్స్’ కింద క్యాషింగ్‌ను (బొమ్మను కొంత ముందే నిల్వ చేసుకునే సమయం) 3000 మిల్లీసెకన్లు చేస్తే కొంత నయం. ఛానల్ మారడం కాస్త ఆలస్యమవుతుంది, ఓర్చుకోవాలి. వార్తల కింద పరిగెత్తే అక్షరాలు దువ్వెన పళ్లలా చీలితే వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి.

అసలు తికమక ట్యూనర్ దగ్గరుంది. సప్తగిరి రికార్డవుతుండగా ఇంకో ఛానల్ పెడితే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. సర్వర్ పాడైందని మొదట్లో టెన్షన్ పడ్డాను. సంగతేమిటంటే, శాటిలైట్‌లో ఒక్కో ట్రాన్స్‌పాండర్ ఒక్కో ఆర్టీసీ బస్సు లాంటిది, అందులో చాలా ఛానళ్లు కూర్చుని వస్తాయి. ట్యూనర్ ఒకసారి ఒక్క బస్సే ఎక్కగలదు. ఎక్కిన బస్సులో ఎంతమందినైనా పలకరించవచ్చు కానీ, మంగళగిరి బస్సులో కూర్చుని తెనాలి బస్సులో వాళ్లతో మాట్లాడలేం కదా! అందుకే ఒకే ట్రాన్స్‌పాండర్‌లోని ఛానళ్లయితే ఒకటి రికార్డవుతుండగా ఇంకొకటి చూడొచ్చు, ఇద్దరు రెండు ల్యాప్‌టాప్‌లలోనూ చూడొచ్చు. వేరే ట్రాన్స్‌పాండర్‌లోదైతే రెండో ట్యూనర్ కావాలి.

ఇంకొకటి, మామూలు సెట్టింగుల్లో రికార్డింగ్‌దే పైచేయి. మీరు లైవ్ చూస్తుండగా వేరే బస్సులోని ఛానల్ రికార్డింగ్ టైమైతే, సర్వర్ మిమ్మల్ని దించేసి అటు వెళ్లిపోతుంది. మ్యాచ్ చివరి ఓవర్లో నాకిది జరిగింది, సీరియల్ రికార్డింగ్ పెట్టిన అమ్మ మాత్రం హాయిగా నిద్రపోతోంది.

ఈ వారం హోంవర్క్: ఒక ఛానల్ రికార్డింగ్‌లో పెట్టి, మిగతావి ఒక్కొక్కటీ తెరిచి చూడండి. వచ్చినవాటి పేర్లు కాగితం మీద రాసుకోండి. ఐదో పాఠంలో రెండో ట్యూనర్ బిగించేటప్పుడు ఆ కాగితంతో పని ఉంది.