అతుకు నిలవాలంటే – 4వ పాఠం: ద్రావకాన్ని ఆరబెట్టడం

పంటికి రెసిన్ ఫిల్లింగ్‌ను అతికించడం నేర్పే ఈ పాఠాల్లో, మూడవ పాఠం సాధన చేసినవారిలో చాలామంది ఒకే ఇబ్బంది రాశారు: ఫిల్లింగ్ చేసిన మరునాటి నుంచి చల్లని నీరు తగిలితే చాలు, రోగికి పన్ను జివ్వుమంటోంది. ఎనామెల్‌కు (పంటి పైనుండే గట్టి పొర) చెప్పిన సూత్రాన్ని డెంటిన్‌కు (దాని కింది పొర) కూడా వర్తింపజేయడమే దీనికి ప్రధాన కారణం. ఎచింగ్ (అతుకు పట్టేలా ఉపరితలాన్ని ఆమ్లంతో గరుకు చేయడం) తరువాత ఎనామెల్‌ను సుద్దలా తెల్లబడేవరకు ఆరబెట్టవచ్చు. డెంటిన్‌లో మాత్రం, 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం ఖనిజాన్ని కరిగించాక మిగిలే కొల్లాజెన్ పోగులను నిలబెట్టేది వాటి మధ్యనున్న నీరే. గట్టిగా గాలి కొడితే ఆ పోగులు కూలి అట్టకట్టుకుపోతాయి, ఫిల్లింగ్‌ను పంటికి అతికించే బాండింగ్ ద్రవం వాటి అడుగుకు చేరదు. ఇప్పటికే ఆరిపోయి ఉంటే నీటిలో ముంచిన మైక్రోబ్రష్‌తో మళ్లీ తడపండి, పోగులు చాలావరకు లేస్తాయి. ఎచ్ చేసిన డెంటిన్‌ను ఆరబెట్టడానికి నేను గాలి వాడను. తడిపి పిండిన చిన్న దూది ఉండతో అద్దుతాను. ఆమ్లాన్ని డెంటిన్‌పై 15 సెకన్లకు మించి ఉంచకండి.



బాండింగ్ సీసాలో రెసిన్‌తో పాటు ద్రావకంగా అసిటోన్ గాని, ఇథనాల్, నీరు గాని ఉంటాయి. రెసిన్‌ను పోగుల మధ్యకు మోసుకుపోవడం వాటి పని, ఆ పని ముగిశాక అవి అక్కడ ఉండకూడదు. ఒక్క సెకను గాలి ఊది వెంటనే రెసిన్‌ను గట్టిపరిచే లైట్ పెట్టే అలవాటు ఎంతో కష్టపడి చేసిన పనిని పాడుచేస్తుంది, దాన్ని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ద్రావకం మిగిలినచోట రెసిన్ పూర్తిగా గట్టిపడదు. నకబయాషి బృందం 1982లో వివరించిన హైబ్రిడ్ పొరలో (రెసిన్, కొల్లాజెన్ పోగులు కలిసిన పొర) నీటి దారులు మిగిలిపోతాయి. వాటి గుండా చేరే నీరు రెసిన్‌ను క్రమంగా విడగొడుతుంది. డెంటిన్‌లోనే ఉండే ఎంఎంపీ (మ్యాట్రిక్స్ మెటాలోప్రొటీనేజ్) ఎంజైములు రెసిన్ చుట్టుకోని కొల్లాజెన్‌ను తెంచుతాయి, అందుకు వాటికి కావలసింది కూడా నీరే. మొదటి రోజు అతుకు గట్టిగానే ఉంటుంది కనుక లోపం మనకు కనబడదు. ఏళ్లు గడిచాక అంచున గోధుమరంగు గీత కనబడుతుంది.

కాబట్టి బాండింగ్ ద్రవాన్ని 20 సెకన్లు రుద్దిన తరువాత మెల్లని గాలితో మొదలుపెట్టి క్రమంగా పెంచండి. మొదట ద్రవం అలలుగా కదులుతుంది. అలలు ఆగి, పొర కదలక, అంతటా ఒకే మెరుపు వచ్చేవరకు గాలి ఆపకండి. కనీసం పది సెకన్లు పడుతుంది, నీరున్న ద్రవానికి అంతకంటే ఎక్కువే. క్లాస్ 2 కుహరంలో (వెనుక పళ్ల పక్కభాగంలో వచ్చే గుంత) మ్యాట్రిక్స్ బ్యాండ్ (ఫిల్లింగ్‌కు గోడగా పంటి చుట్టూ బిగించే పలుచని పట్టీ) మూల దగ్గర ద్రవం గుంటకడుతుంది. పొడి బ్రష్‌తో దాన్ని పీల్చాకే గాలి ఊదండి. అసిటోన్ ద్రవాన్ని ముందుగా గిన్నెలో పోసి ఉంచకండి, మీరు వాడేలోపే అది చిక్కబడుతుంది.

డెంటిన్‌ను ఎచ్ చేసినప్పుడు 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ ఒక నిమిషం పూసి, కడగకుండా అద్దితే ఆ ఎంజైములు కొంతకాలం అణగి ఉంటాయి. నాకు మాత్రం ఎనామెల్‌ను మాత్రమే ఎచ్ చేసి, డెంటిన్‌పై 10-ఎండీపీ అనే రసాయనం ఉన్న బాండింగ్ వాడటమే ఇష్టం. ఖనిజం చాలావరకు మిగులుతుంది, ఎండీపీ దానిలోని కాల్షియంతో రసాయనికంగా బంధిస్తుంది.

సాధన: ముందు గాజు పలకపై ఒక చుక్క వేసి అలలు ఆగడం గమనించండి. తరువాత థైమాల్ ద్రావణంలో నిలవచేసిన ఎనిమిది తీసేసిన దవడ పళ్లకు ఫిల్లింగ్ చేయండి: నాలుగింటికి ఒక్క సెకను గాలి, నాలుగింటికి పూర్తిగా. ఆరు నెలలు నీటిలో ఉంచి, వారానికోసారి నీరు మార్చండి. అంచుకు ఒక మిల్లీమీటరు వదిలి మిగతా పంటికంతా గోళ్లరంగు పూసి, మిథిలీన్ బ్లూలో ఒక రోజు నానబెట్టి, నిలువునా కోసి, రంగు ఎంత లోతుకు దిగిందో కొలిచి రాసుకోండి.