నిమ్మరసం, వంటసోడాతో ద్రవ్య నిత్యత్వ నియమాన్ని ఇంట్లో తేల్చుకోవడం ఎలా?

గ్లాసులో నిమ్మరసం పోసి వంటసోడా వేసింది మా అన్న కూతురు. బుసబుసా పొంగింది. ముందూ వెనకా తూకం వేసి, గ్రాము తగ్గడం చూసి, "పదార్థాలు కలిసి వేరేవిగా మారినా మొత్తం బరువు మారదని, అదే ద్రవ్య నిత్యత్వ నియమమని పుస్తకంలో ఉంది గదా చిన్నాన్నా, మరి గ్రాము ఏమైంది?" అంది. మంచి ప్రశ్న! దానికి జవాబు తూకంలోనే చూపించాలి, బట్టీ పట్టిస్తే లాభం లేదు.

కావాల్సింది లీటరు కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా మూతతో సహా, ఖాళీ హోమియో మాత్రల సీసా ఒకటి, వెండి తూచే చిన్న డిజిటల్ కాటా. పొదలకూరు నిమ్మకాయలు నెల్లూరులో మనకు కొదవా? నాలుగైదు పిండి, గింజలు వడకట్టి, 50 మిల్లీలీటర్లు పెద్ద సీసాలో పోయండి. ఫ్రిజ్‌లోంచి తీసినవి వద్దు, సీసా బయట చెమ్మ పట్టి తూకం చెడుతుంది.

చిన్న సీసాలో 2 గ్రాముల వంటసోడా వేయండి, అంతకు మించొద్దు. పెద్ద సీసాను కాస్త వంచి, రసం తగలకుండా దాన్ని మెల్లగా లోపలికి జార్చి నిలబెట్టాలి, ఇక్కడే ఓపిక కావాలి. మూత గట్టిగా బిగించి, ఫ్యాన్ ఆపి తూచండి, అంకె రాసుకోండి. ఇప్పుడు సీసా వంచి రెండూ కలపండి. పొంగు ఆగి సీసా గట్టిపడ్డాక తుడిచి మళ్ళీ తూస్తే, అదే అంకె!

మూత మెల్లగా తిప్పండి. బుస్సుమంటుంది, కాటా దాదాపు గ్రాము తగ్గుతుంది. 84 గ్రాముల వంటసోడా నుంచి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి 2 గ్రాములకు గ్రాము పైచిలుకు, అందులో కొంత రసంలోనూ సీసాలోనూ ఉండిపోతుంది. పాప అడిగిన గ్రాము ఇదే.

మూత బదులు బెలూన్ తగిలించొద్దు. ఉబ్బిన బెలూన్‌ను చుట్టూ ఉన్న గాలి పైకి నెడుతుంది, దాంతో ఏదీ బయటికి పోకుండానే కాటా అర గ్రాముకు పైగా తక్కువ చూపిస్తుంది, పిల్లలు నియమమే తప్పనుకుంటారు. గాజు సీసా అసలే వద్దు, పగిలితే ప్రమాదం.

1774లో ఫ్రాన్స్‌లో లావోయిజర్ అనే రసాయన శాస్త్రవేత్త మూసిన గాజు పాత్రలో తగరాన్ని వేడి చేసి ఇలాగే తూచాడు, బరువు మారలేదు. తెరిచినప్పుడు మాత్రం మన సీసాకు భిన్నంగా బరువు పెరిగింది: లోపలి గాలిలో కొంత తగరంలో కలిసిపోయింది, ఆ ఖాళీలోకి బయటి గాలి దూరింది.