అత్యాచారం కేసు తీర్పును చదివే పద్ధతి

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా అత్యాచారం కేసు విచారణ బయటివారిని రానివ్వకుండా జరుగుతుంది కనుక, కోర్టు ఏమి నమ్మిందో, ఎందుకు నమ్మిందో తెలుసుకోవడానికి మనకు మిగిలేది తీర్పు పాఠమే.

ముందుగా, కేసు కొట్టివేసి ఉంటే అందుకు చెప్పిన కారణాన్ని వెతకండి. నేరం నిస్సందేహంగా రుజువు కాలేదనడం వేరు, ఫిర్యాదు చేసిన స్త్రీ అబద్ధమాడిందనడం వేరు. కావలి బస్టాండు దగ్గర టీ తాగుతూ మాట్లాడుకునేవారికి రెండూ ఒకటే, కొందరు విలేకరులకూ అంతే.

తర్వాత, జడ్జి సమ్మతిని ఎక్కడ వెతికారో గమనించండి. మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీసుస్టేషన్‌లో 1972లో ఒక ఆదివాసీ బాలికపై జరిగిన అత్యాచారం కేసులో, ఒంటిమీద గాయాలు లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకుని సుప్రీంకోర్టు 1978లో ఇద్దరు పోలీసులను విడిచిపెట్టింది. దానిపై 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు, దేశమంతటా మహిళలు ఆందోళన చేశారు, 1983లో చట్టం మారింది. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో వచ్చిన నేటి భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ ప్రకారం, ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు భావించరాదు. అయితే 2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కాబట్టి ఘటన తేదీని తప్పక చూడండి.

ఫిర్యాదు ఆలస్యం గురించిన పేరాలు అన్నిటికన్నా నిదానంగా చదవదగినవి. మన పల్లెల్లో పెద్దమనుషులు రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి, పరువు గురించీ పిల్ల పెళ్లి గురించీ చెప్పి రోజులు గడిపేస్తారు. ఆ రోజులే తర్వాత డిఫెన్సు లాయరు చేతిలో ఆయుధమవుతాయి. కుటుంబ పరువు భయంతో ఫిర్యాదు ఆలస్యం కావచ్చని సుప్రీంకోర్టు 1996లో గుర్మీత్ సింగ్ కేసులోనే గుర్తించింది. కాబట్టి ఆలస్యానికి కారకులెవరో కింది కోర్టు అడిగిందా లేదా చూడండి. రాజీ కుదిరిందని శిక్ష తగ్గించడం కుదరదని 2013లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతీ గుర్తుంచుకోండి.

పాత తీర్పుల్లో ఆమె సంభోగానికి ‘అలవాటు పడినది’ అన్న వైద్యుడి మాట కనిపిస్తే, అది వైద్యం ముసుగులో ఊరివాళ్ల తీర్పు. అందుకు మూలమైన, యోనిలో వేళ్లు పెట్టి చూసే రెండు వేళ్ల పరీక్షను చేసేవారిని దుష్ప్రవర్తన కింద దోషులుగా పరిగణించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

చదివినదాన్ని నలుగురికీ పంచేటప్పుడు బాధితురాలి పేరే కాదు, ఊరూ బడీ బంధుత్వమూ రాయకండి. ఆమె ఎవరో తెలిసేలా ప్రచురిస్తే న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.