కన్యాశుల్కం పాత్రలకి లేబుళ్లు అతికించకుండా చదవడం ఎలా

మా మేనకోడలు ఇక్కడే విశాఖలో డిగ్రీ చదువుతోంది. మొన్న గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కం మీద రాసిన అసైన్‌మెంట్ తెచ్చి చూపించింది. గిరీశం మోసగాడు, అగ్నిహోత్రావధాన్లు డబ్బు మనిషి, మధురవాణి మంచి మనసున్న వేశ్య, సౌజన్యారావు పంతులు ఆదర్శమూర్తి. నాలుగు పేజీల్లో నలుగురికీ నాలుగు లేబుళ్లు. తప్పని అనను, కానీ నాటకం చదవకపోయినా ఇంతమాత్రం రాసేయొచ్చు. "మరి ఎలా రాయాలి మావయ్యా?" అంది. తనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, పరీక్షకి చదివేవాళ్లకీ వేషం వేసేవాళ్లకీ పనికొస్తుంది.

ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఒక్కో పాత్ర పేరు రాసి, పక్కన మూడు విషయాలు రాయండి: ఈ మనిషికి తిండి ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎవరి దగ్గర మాట పడాలి, ఏం పోతే వీధిన పడతాడు. గుణగణాల జోలికి ఇప్పుడే పోవద్దు.

గిరీశాన్ని చూడండి. పూటకూళ్లమ్మ ఇంట్లో తిండి. సంతలో సామాన్లు కొనుక్కొస్తానని ఆవిడ దగ్గర డబ్బు పట్టుకెళ్లి ఖర్చు పెట్టేశాడు. భూమి లేదు, ఉద్యోగం లేదు, ఉన్నదల్లా నాలుగు ఇంగ్లీషు ముక్కలూ నోరూ. విజయనగరంలో ఇక నిలవలేని పరిస్థితి వచ్చింది కాబట్టే శిష్యుడు, అగ్నిహోత్రావధాన్లు కొడుకు వెంకటేశం వెంట వాళ్ల అగ్రహారానికి బయల్దేరాడు. ఇది కాగితం మీద పడ్డాక అతని వితంతు వివాహం ఉపన్యాసాలు చదివితే 'నిజంగా నమ్ముతున్నాడా లేదా' అన్న ప్రశ్నకంటే 'ఈ మాట ఇప్పుడు ఎవరి ముందు అంటున్నాడు' అన్న ప్రశ్న ఎక్కువ పని చేస్తుంది.

అగ్నిహోత్రావధాన్లు దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే అందరూ ఆయన్ని తేలిగ్గా తిట్టి వదిలేస్తారు. పెద్ద కూతురు బుచ్చమ్మని అమ్మేశాడు, ఆమె విధవై ఇంట్లో ఉంది, అయినా చిన్నది సుబ్బిని పద్దెనిమిది వందలకి ముసలి లుబ్ధావధాన్లుకి ఇస్తానంటాడు. భార్య నూతిలో పడతానన్నా వినడు. మరోపక్క కోర్టు వ్యాజ్యాలు నడుస్తున్నాయి, కొడుకు ఇంగ్లీషు చదువుకి డబ్బు పోతోంది. ఆడపిల్లని అమ్మగా వచ్చే డబ్బు, మగపిల్లాడి చదువుకి పోయే డబ్బు, కోర్టుకి పోయే డబ్బు, మూడూ ఒకే ఇంట్లో కనిపిస్తున్నాయి. ఇంగ్లీషు వస్తే కోర్టులో గెలవొచ్చన్నది ఆయన ఆశ. గిరీశం మొదట వచ్చినప్పుడు మండిపడ్డవాడు, ఇతను వ్యాజ్యాల్లో పనికొస్తాడనిపించగానే మెత్తబడిపోవడం అందుకే.

ఇంకో సంగతి, ఈ పని చేస్తున్నది ఆయనొక్కడే కాదు. గురజాడ తన ఇంగ్లీషు పీఠికలో అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల, అంటే ఆడపిల్లకి డబ్బు పుచ్చుకుని చేసే పెళ్లిళ్ల లెక్క ఇచ్చారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. మన జిల్లా లెక్క ఇది, నేను చదివిన ప్రతిసారీ ఆ చివరి అంకె దగ్గర ఆగిపోతాను. చుట్టూ అందరూ చేస్తున్న పని ఒక మనిషికి తప్పుగా తోచదు. కాబట్టి 'దురాశ' అన్న ఒక్క మాటతో ఆయన కథ తేలదు.

తర్వాత పేర్లూ పిలుపులూ చూడండి. అవధాన్లు, శాస్త్రి అంటే వైదికులు. పంతులు అంటే నియోగి. బయటినుంచి చూస్తే అందరూ బ్రాహ్మలే, కానీ ఒకరి బతుకు వేదం మీద, ఇంకొకరిది కోర్టూ కాగితాల మీద. కాలం మారి కాగితం తెలిసినవాడి మాట చెల్లుబాటవుతోంది కాబట్టే రామప్పంతులు లాంటి తగవులమారి లుబ్ధావధాన్లుని ఆడించగలుగుతాడు. కులం ఒకటే కాబట్టి వర్గం ఒకటే అనుకుంటే ఈ గొడవంతా మీ కంటికి ఆనదు. అలాగే ఎవరు ఎవర్ని 'బాబూ' అంటున్నారు, ఎవరు 'ఒరే' అంటున్నారు, 'గారు' తగిలిస్తూనే ఎవరు ఎవర్ని ఆటపట్టిస్తున్నారు (ఈ చివరిది మధురవాణి పని) అన్నవి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. పైకి చదివితే ఇంకా బాగా తెలుస్తుంది. మన ఉత్తరాంధ్ర వాళ్లకి ఆ యాస చెవికి అలవాటే కదా, అది వాడుకోండి.

మూడోది, నేను ఎక్కువగా వాడే పరీక్ష: ఈ మనిషి చేతిలో ఇంకో వెయ్యి రూపాయలు పెడితే ఇదే పని చేస్తాడా? లుబ్ధావధాన్లుకి డబ్బు ఉంది, అయినా చవగ్గా ఇంకో పిల్ల దొరుకుతోందనగానే సుబ్బి సంబంధం వదిలేసుకున్నాడు. అంటే అతనిది లేమి కాదు, ఉన్నది పోతుందన్న భయం. రెండూ వేరు, వేషం వేసేవాడు ఈ తేడా పట్టుకుంటే నడకే మారిపోతుంది.

ఇవన్నీ కలిపి చూడాల్సింది చివర్లో, మన విశాఖలో జరిగే రంగంలో. సౌజన్యారావు పంతులు పేరున్న వకీలు, వేశ్యల మొహం చూడనని నియమం పెట్టుకున్నవాడు. మధురవాణి మగవేషంలో ఆయనింటికి వస్తుంది. చవగ్గా తెచ్చుకున్న ఆ పిల్ల కనబడకుండా పోయేసరికి లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు పడింది, దాన్నుంచి అతన్ని బయటపడేసే నిజం ఆమె దగ్గరుంది. దానికి బదులుగా ఒక ముద్దు అడుగుతుంది. తీరా ఆయన ఇవ్వడానికి సిద్ధపడితే తనే వద్దంటుంది, చెడనివారిని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందని. ఆయన నియమం వెనక ఇల్లుంది, వృత్తి ఉంది, పరువుంది. ఆమె నియమం వెనక ఏమీ లేదు, అయినా నిలబెట్టుకుంది. సౌజన్యారావుని తక్కువ చేయక్కర్లేదు, ఆయన మంచితనం నిజమైనదే. ఇద్దరి మంచితనానికీ అయిన ఖర్చు ఎంతెంతో రాయండి చాలు. ఈ రంగానికి కనీసం ఒక పేజీ ఇవ్వండి.

ఒక జాగ్రత్త. నాటకం మొదట ఆడింది 1892లో విజయనగరంలో, అచ్చయింది 1897లో. ఇప్పుడు అందరం చదివేది 1909లో గురజాడ బాగా పెంచి తిరగరాసిన ఏడంకాల ప్రతి. మధురవాణి పాత్ర ఇంతగా ఎదిగింది అందులోనే. కాబట్టి ఏ ప్రతి చూసి రాస్తున్నారో మొదటి పేజీలోనే చెప్పేయండి.