బ్లీచింగ్ వాసన వస్తోందని కుళాయి నీళ్లు మానేయకండి, ఇలా చేయండి

వానాకాలం వచ్చిందంటే ఒడిశాలోని మా రాయగడలో ఇదే గోల. నాగావళి ఎర్రబడుతుంది, కుళాయిలో బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది, "ఆ నీళ్లకి క్యాన్సరొస్తుందట" అని ఒకరంటే చాలు, పదిమంది కుళాయి మానేసి చెలమ నీళ్లు మోసుకొస్తారు. 2007లో కాశీపూర్ వైపు కలరా ఎలా పాకిందో అప్పుడే మర్చిపోయామా?

క్యాన్సర్ మాట ఉత్త పుకారేం కాదు. ఆకూ అలమూ కుళ్లి కలిసిన నీళ్లలో క్లోరిన్ పడితే ట్రైహాలోమీథేన్లనే రసాయనాలు పుడతాయి, అందులో ముఖ్యమైనది క్లోరోఫామ్. 1974లో రాటర్‌డ్యామ్‌లో యోహానెస్ రూక్ అనే ఆయన దీన్ని బయటపెట్టాడు. తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం క్లోరోఫామ్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. దాని భయం ఏళ్ల తరబడి తాగితే, కలరా అయితే ఒక్కరోజు చాలు.

అంటే ముందు వదిలించుకోవాల్సింది మురికిని. మా నూతిలో ఓసారి బ్లీచింగ్ వేసినా వాసన రాలేదని మళ్లీ మళ్లీ పోశాను, తీరా చూస్తే అడుగున కుళ్లిన ఆకులే క్లోరిన్‌ని తినేస్తున్నాయి, నేను పోసేకొద్దీ ఈ చెత్త రసాయనాలే పెరిగి ఉంటాయి. కాబట్టి ముందు నుయ్యి పూడిక తీయించి, నీళ్లు తేరాక లెక్క కట్టండి: నూతి వ్యాసాన్ని మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చవేసి, నీటి లోతుతోనూ 785తోనూ గుణిస్తే లీటర్లు వస్తాయి. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీళ్లుంటే సుమారు 24 గ్రాములు, అంతే! బకెట్లో కలిపి సున్నం అడుగున దిగాక పైతేట మాత్రమే నూతిలో కలపండి. గంట దాకా తోడొద్దు. మూత తీసి ఏడాదిగా పడున్న పౌడర్‌లో పస ఉండదు.

కుళాయి నీళ్లకైతే ఇంత తంటా లేదు. వెడల్పు గిన్నెలో మూత లేకుండా, కిటికీ తెరిచి మరిగిస్తే క్లోరోఫామ్ చాలావరకు ఆవిరితో పోతుంది. హాలోఅసిటిక్ ఆమ్లాలని ఇంకో రకం ఉన్నాయి, అవి మరిగించినా పోవు, వాటికి కార్బన్ ఫిల్టర్ కొంత పనికొస్తుంది, అదీ క్యాట్రిడ్జ్ వేళకి మారిస్తేనే. ఇంకోటి, కార్బన్ దాటిన నీళ్లలో క్లోరిన్ మిగలదు, అందుకే ఆ నీళ్లు మూడ్రోజులు బిందెలో నిలవుంచకుండా ఏ రోజువి ఆ రోజే తాగేయాలి.