పొలం దగ్గర చిన్న ఇల్లా? పడమటి గోడ సంగతి ముందు చూడండి

నర్సంపేట వైపో పరకాల వైపో పొలం దగ్గర 12 అడుగులకు 20 అడుగుల ఇల్లు వేసుకునేవారు ముందుగా టైల్స్, రంగుల గురించి ఆలోచిస్తారు. అవి తర్వాత. ఇంటి పొడవు తూర్పు పడమరలుగా పెట్టండి. సాయంత్రపు ఎండకు ఎదురయ్యేది పొట్టి గోడ ఒక్కటే అవుతుంది. దానికి కిటికీ వద్దు. స్నానాలగది, సామాన్ల కొట్టు అటువైపు తోసేస్తే పడుకునే గది బతికిపోతుంది.

వరంగల్ దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అంటే అసలు దెబ్బ కప్పుకే. రేకులు చౌకే గాని, ఆ నెలలో వాటి కింద ఎవరుంటారో చెప్పండి! బెంగుళూరు పెంకు వేసి, చూరు రెండున్నర అడుగులు బయటికి దించండి. స్లాబే కావాలంటే ఏటా మార్చిలో తెల్లసున్నం రెండు పూతలు వేయించండి.

గోడకు ఇటుకలను పరిచి కాకుండా అంచు మీద నిలబెట్టి, నడుమ ఖాళీ వదిలి కట్టే పద్ధతి ఉంది. పేరు ర్యాట్ ట్రాప్ బాండ్. ఇటుక దాదాపు నాలుగో వంతు మిగులుతుంది, ఖాళీలోని గాలి వేడిని లోపలికి రానివ్వదు. అలవాటు లేని మేస్త్రీ గొణుగుతాడు. మొదటి నాలుగు వరుసలు దగ్గరుండి కట్టించండి.