ఖాళీ అని చూపించిన డిస్క్‌లో అక్క పెళ్లి

అక్క పెళ్లికి హ్యాండీక్యామ్‌తో తీసిన 8 సెంటీమీటర్ల చిన్న డీవీడీ-ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాయగలిగే డిస్క్) మొన్న కంప్యూటర్‌లో పెడితే ఖాళీ అని చూపించి, పైగా ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. చచ్చినా నొక్కకండి. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచాను, ఇంకో డ్రైవ్‌లో పెట్టాను, లాభం లేదు. వెలుగుకు పట్టి చూస్తే మాత్రం కిందివైపు రాసినంత మేర రంగు తేడాగా వలయం కనిపించింది, అంటే డేటా ఉంది! అసలు సంగతేంటంటే అప్పట్లో ఫైనలైజ్ చేయలేదు. అది చేస్తేగానీ ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక పూర్తిగా పడదు, రికార్డ్ చేసిన కెమెరాకి తప్ప కంప్యూటర్‌కి అర్థం కాదు. అటక మీంచి కెమెరా దింపి, బ్యాటరీ ఎప్పుడో పోయింది కాబట్టి ఛార్జర్ తగిలించే మెనూలో ఫైనలైజ్ నొక్కాను. పది నిమిషాలు ఒకటే టెన్షన్. తర్వాత కంప్యూటర్‌లో పెడితే, డీవీడీలో వీడియో ఫైళ్లుండే వీడియో_టీఎస్ ఫోల్డర్ కనిపించింది, మొదటి ఫైల్లోనే పంక్తిలో కూర్చుని కెమెరాకి చెయ్యి అడ్డం పెడుతున్న బాబాయి.